‘పాజిటివ్ వచ్చాక మానేద్దువులే’ అంటున్నారు మా ఆయన

ఈసారి ఉత్తరం మెదక్ వైపు పల్లెలో పుట్టి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న 28 ఏళ్ల పాఠకురాలిది. పేరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది, కుదించి ఇస్తున్నాను.

పెళ్లయి మూడేళ్లు. ఆమె ఒక కంపెనీలో హెచ్‌ఆర్‌లో, భర్త ఒక బిల్డర్ ఆఫీసులో పనిచేస్తున్నారు. పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ కల్లు కొత్త కాదు. దసరాకు, బోనాలకు ఆడా మగా అందరూ తాగేవారు, నాయనమ్మ తన గ్లాసులోంచి పిల్లలకు రెండు గుక్కలు పోసేది. ఉద్యోగంలో చేరాక శుక్రవారం సాయంత్రాలు టీమ్‌తో బీరు అలవాటైంది. పెళ్లయ్యాక అది సొంత బాల్కనీకి వచ్చింది. ఇప్పుడు శుక్ర, శనివారాల్లో రాత్రికి రెండేసి స్ట్రాంగ్ బీర్లు. ఏడాదిగా వారం మధ్యలో రెండు సాయంత్రాలు ఒకటో రెండో పెగ్గులు వోడ్కా, స్ప్రైట్‌లో కలుపుకుని. పండగకు ఊరెళ్తే నాలుగైదు రోజులు కల్లు. చేతులు వణకడం లాంటివి లేవు. ‘ఊరి నుంచి వచ్చిన రెండో రోజు మాత్రం ఒళ్లు గుంజినట్టు, ఊరికే చిరాకుగా, భయంగా ఉంటది’ అని రాశారు.

ఆరు నెలల కిందట గర్భనిరోధక మాత్రలు ఆపేశారు, ఎందుకంటే అత్తమ్మ ప్రతి ఆదివారం ఫోన్లో పిల్లల మాట ఎత్తుతున్నారు. అలాగని తేదీలు చూసుకుని ప్రయత్నిస్తున్నదీ లేదు, ‘అయితే అయింది’ అన్నట్టు నడుస్తోంది. తర్వాతిది ఆమె మాటల్లోనే: ‘పోయిన నెల తొమ్మిది రోజులు లేటయింది. ఆ మధ్యలోనే ఫ్రెండ్ సంగీత్‌లో బాగా తాగిన. తర్వాత పీరియడ్ వచ్చింది, మామూలు కన్నా ఎక్కువ. టెస్ట్ చేసుకోలే. కడుపొచ్చి నా వల్లనే పోయిందేమో అని రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. నిద్ర కోసం మళ్లీ తాగుతున్న.’

అత్తమ్మతో కలిసి గైనకాలజిస్ట్ దగ్గరకు వెళ్లినప్పుడు ‘అలవాట్లేమైనా ఉన్నాయా’ అని డాక్టర్ అడిగితే, అత్తమ్మ పక్కనే ఉండటంతో లేవన్నారు. తాగడం మానేస్తానని యాదగిరిగుట్టలో రెండుసార్లు మొక్కుకున్నారు, రెండూ కొన్ని వారాలకే తప్పాయి. యారాలు ఎవరో పొడి ఇస్తారని, తింటే మందు మీద అసహ్యం పుడుతుందని చెప్పింది. భర్తేమో ‘మా అమ్మ నన్ను మోసినప్పుడు కూడా కల్లు తాగింది, నాకేమైంది? పాజిటివ్ వచ్చాక మానేద్దువులే’ అంటున్నారు. ఆమె అడిగినవి: ఇప్పుడే మానాలా, టెస్ట్ అయ్యాక సరిపోతుందా? నేను తాగుబోతునా? డాక్టర్‌కు ఎలా చెప్పను?

ముందు మీ నిద్ర చెడగొడుతున్న సంగతి మాట్లాడదాం. ఆ తొమ్మిది రోజుల ఆలస్యం గర్భమా కాదా అన్నది ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. మాత్రలు ఆపాక కొన్ని నెలలు నెలసరి అటూ ఇటూ అవడం మామూలే. టెన్షన్, నిద్రలేమి, థైరాయిడ్, పీసీఓఎస్, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఆలస్యంగా వచ్చిన పీరియడ్ కాస్త ఎక్కువగా కావడమూ అరుదు కాదు. ఒకవేళ గర్భమే వచ్చి పోయిందనుకున్నా, అంత తొలి రోజుల్లో పోయేవాటిలో ఎక్కువ భాగం క్రోమోజోముల తేడాల వల్ల పోతాయి. మద్యం గర్భస్రావం ముప్పును పెంచుతుందన్నది నిజం, దాన్ని మీ దగ్గర దాచను. కానీ ‘ఆ రాత్రి వల్లే’ అని మీకు మీరే తీర్పు ఇచ్చుకోవడానికి మీ చేతిలో ఏ ఆధారమూ లేదు. ఇకపై పీరియడ్ తప్పిన రోజే మెడికల్ షాపులో కిట్ తెచ్చి చూసుకోండి, నెగెటివ్ వచ్చినా పీరియడ్ రాకపోతే వారం ఆగి మళ్లీ చూడండి.

నిద్ర కోసం తాగుతున్నానన్నారు. మద్యం తొందరగా నిద్రపుచ్చుతుంది, నాలుగు గంటలు గడిచాక అదే లేపుతుంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి ఇవే ఆలోచనలు తిరుగుతుంటే, అందులో కొంత భాగం రాత్రి పెగ్గుదే.

ఇక మీవారి మాట. ‘పాజిటివ్ వచ్చాక’ అనడం వినడానికి సబబుగానే ఉంటుంది. తేదీలు వేసి చూడండి. 28 రోజుల నెలసరిలో అండం విడుదలయ్యేది సుమారు 14వ రోజున. గర్భం నిలిచాక పీరియడ్ తప్పడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. మీలా ‘నాకు అప్పుడప్పుడు లేటవుతదిలే’ అనుకునేవాళ్లు పైన మరో వారం పది రోజులు చూస్తారు. అంటే కిట్ మీద రెండు గీతలు కనిపించే నాటికి లోపలి పిండానికి మూడు వారాలు దాటి ఉంటాయి. గుండె కొట్టుకోవడం సుమారు 22వ రోజుకు మొదలవుతుంది. మెదడు, వెన్నుపాముగా తయారయ్యే నాళం 28వ రోజుకల్లా మూసుకుంటుంది. అంత పని జరుగుతున్నా మీకు కబురే అందదు. ఆ మూడు వారాల్లో మూడు శుక్రవారాలు, మూడు శనివారాలు ఉన్నాయి.

తల్లి తాగిన మద్యం మాయను దాటి బిడ్డ రక్తంలోకి వెళ్తుంది. దాన్ని విరగ్గొట్టే శక్తి బిడ్డ కాలేయానికి ఇంకా రాదు, కాబట్టి అది అక్కడ ఎక్కువసేపు ఉంటుంది. ఈ సంగతి వైద్యశాస్త్రం గట్టిగా పట్టించుకుని పెద్దకాలమేమీ కాలేదు. 1968లో ఫ్రాన్స్‌లో పాల్ లెమోయిన్, 1973లో అమెరికాలోని సియాటిల్‌లో కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ ఇలాంటి పిల్లల గురించి రాశాకే దానికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అన్న పేరు స్థిరపడింది. పలుచని పై పెదవి, ముక్కుకూ పెదవికీ మధ్య గాడి లేకపోవడం, చిన్న కళ్లు, ఎదుగుదల తగ్గడం దాని గుర్తులు. అయితే ముఖం చూసి పోల్చగలిగేది కొద్దిమందినే. మద్యం ప్రభావం పడిన పిల్లల్లో ఎక్కువమందికి ముఖంలో ఏ తేడా ఉండదు. బడికి వెళ్లాక లెక్కలు ఎక్కకపోవడం, ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోవడం, చెప్పింది గుర్తుండకపోవడం, కోపం పట్టలేకపోవడం, ఇలా బయటపడుతుంది. మన దగ్గర తల్లిని ఆ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ కాబట్టి, అలాంటి పిల్లాణ్ని మొద్దు అనో మొండి అనో అనేసి ఊరుకుంటారు.

అందుకే ‘నాకేమైంది’ అన్న వాదన నిలవదు. మీవారికి ఏమీ కాకపోయి ఉండొచ్చు. తాగిన ప్రతి తల్లికీ అలాంటి బిడ్డ పుట్టదు. ఎంత తాగింది, ఏ వారంలో తాగింది, తిండి సరిగా తిన్నదా, జన్యువులు ఎలాంటివి, అన్నీ కలిసి పనిచేస్తాయి. ఎవరికి తగులుతుందో ముందే చెప్పే పరీక్ష లేదు. ‘ఇంతవరకు ఫరవాలేదు’ అని గీత గీయగల మోతాదు తెలియదు కాబట్టే ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భంతో ఉన్నప్పుడు అసలు వద్దంటుంది, బ్రిటన్ ప్రభుత్వ వైద్యాధికారులు 2016లో గర్భం కోరుకుంటున్నవాళ్లను కూడా అందులో చేర్చారు. పైగా, మీ అత్తమ్మ ఆ రోజుల్లో తాగిన కల్లు, మీరు నిరుడు దసరాకు తాగిన కల్లు ఒకటి కాకపోవచ్చు. దాని దగ్గరకు వస్తాను.

మీరు రాసింది లెక్క కట్టాను. పది గ్రాముల ఆల్కహాల్‌ను ఒక యూనిట్ అనుకుంటే, 30 మిల్లీలీటర్ల వోడ్కా ఒక యూనిట్. ఇంట్లో మనం పోసుకునే పెగ్గు 30 ఉండదు, 60 ఉంటుంది, అంటే రెండు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా ఒక్కటే మూడున్నర నుంచి నాలుగు యూనిట్లు. ‘రెండు బీర్లే కదా’ అన్న రాత్రి మీరు తాగుతున్నది ఏడెనిమిది చిన్న పెగ్గుల పెట్టు. వారం మొత్తం కలిపితే ఇరవై దాటుతోంది. ఆడవాళ్ల ఒంట్లో నీటిశాతం తక్కువ కాబట్టి అంతే మందు మీవారి రక్తంలో కన్నా మీ రక్తంలో చిక్కగా ఉంటుంది. బీరు తేలిక, వైన్ మంచిది, కల్లు చలవ అన్న లెక్కలు బిడ్డ విషయంలో పనిచేయవు. లోపలికి చేరేది అదే ఆల్కహాల్.

‘నేను తాగుబోతునా’ అన్నారు. ఆ మాట పక్కన పెట్టండి, దాంతో చేయగల పని ఏమీ లేదు. ఇవి మాత్రం చూసుకోండి: అనుకున్నదానికన్నా ఎక్కువ తాగుతున్నారా, మానాలనుకుని మానలేకపోతున్నారా, బాధకు మందుగా వాడుతున్నారా. మూడింటికీ మీ ఉత్తరంలో అవుననే ఉంది. అంటే చేయి దాటే దారిలో ఉన్నారు, ఇంకా దాటలేదు. ఈ దశలో సాయం తీసుకుంటే బాగా పనిచేస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలనిపిస్తోంది. మన దగ్గర మద్యం కథలో ఆడవాళ్లకు ఇచ్చిన పాత్ర ఒక్కటే, మానిపించేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, తోటి మహిళలు సారా దుకాణం మూయించిన దగ్గర నుంచి 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం దాకా మనం గర్వంగా చెప్పుకునే చరిత్ర అదే. ఆ గర్వంలో తప్పేమీ లేదు. కానీ తాగే ఆడమనిషి ఎవరితో మాట్లాడాలో అందులో చోటు దొరకదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో తెలంగాణలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో 6.7 శాతం మంది తాగుతామని చెప్పారు, పట్నంలో కన్నా పల్లెలో ఎక్కువ. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య ఒక శాతం కూడా లేదు. మీరు ఒక్కరే కాదు. మీ అత్తమ్మ కూడా కల్లు తాగుతారు, అయినా ఆవిడ ముందు మీరు వోడ్కా మాట ఎత్తలేరు. కల్లు ఆచారం, వోడ్కా అలవాటు!

2016లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ, గర్భనిరోధకాలు వాడని స్త్రీలు తాగవద్దని చెప్పినప్పుడు అక్కడ పెద్ద గొడవైంది. మమ్మల్ని మనుషుల్లా కాకుండా గర్భసంచుల్లా చూస్తున్నారని చాలామంది మండిపడ్డారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. పిల్లలు వద్దనుకునే స్త్రీ ఏం తాగుతుందన్నది ఈ కోణంలో నాకు అనవసరం. మీరు మాత్రం మాత్రలు ఆపారు. మీ ఉత్తరంలో అసలు చిక్కు నాకు అక్కడే కనిపిస్తోంది. తాగడమూ నడుస్తోంది, గర్భానికి తలుపూ తెరిచి ఉంది. రెండూ ఒకేసారి ఉన్నప్పుడే బిడ్డకు ముప్పు. ఏ ఒక్కటి మూసినా ముప్పు ఆగుతుంది. మీరూ మీ ఇంట్లోవాళ్లూ తాగుడు వైపు మాత్రమే చూస్తున్నారు. రెండో వైపు కూడా మీ చేతిలోనే ఉంది, పైగా అది సులువు.

ఇది నా సొంత తెలివి కాదు. అమెరికాలో ‘ఛాయిసెస్’ పేరుతో ఫ్లోరిడా, టెక్సాస్, వర్జీనియాల్లో 830 మంది స్త్రీలతో ఒక ప్రయోగం చేసి 2007లో ఫలితాలు ప్రకటించారు. అందరూ ఎక్కువగా తాగుతూ, గర్భనిరోధకాలు సరిగా వాడనివారే. కొందరికి సమాచార పత్రాలు మాత్రం ఇచ్చారు. మిగతావారికి నాలుగుసార్లు కౌన్సెలింగ్, ఒకసారి గర్భనిరోధకాల గురించి డాక్టర్ సలహా. ఆ కౌన్సెలింగ్‌లో మానేయమని ఎవరూ ఒత్తిడి చేయలేదు. తాగుడు తగ్గించుకుంటారా, గర్భం రాకుండా చూసుకుంటారా, రెండూనా, ఎవరిష్టం వారిదే. తొమ్మిది నెలల తర్వాత చూస్తే కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లలో స్పష్టంగా ఎక్కువమంది ముప్పు నుంచి బయటపడ్డారు. వాళ్లలో జైలు నుంచి, డీఅడిక్షన్ కేంద్రాల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఈ లెక్కన మీ ముందు కొన్ని దారులున్నాయి.

మొదటిది, ఇప్పుడే పూర్తిగా మానేసి, గర్భం కోసం ప్రయత్నం కొనసాగించడం. కుదిరితే దీన్ని మించింది లేదు. కానీ మీరు రెండుసార్లు మొక్కి తప్పారు. మూడోసారి తప్పితే, అదే నెలలో గర్భం నిలిస్తే, ఈ నెలలో పడుతున్న నరకం మళ్లీ పడతారు. ‘తప్పు చేశాను’ అన్న బాధ మీ చేత ఇంకా తాగిస్తుందని మీరే రాశారు.

రెండోది, మూడు నెలలు గర్భాన్ని వాయిదా వేసి, ఆ వ్యవధిలో తాగుడు సంగతి తేల్చుకోవడం. కండోమ్ ప్రతిసారీ వాడితే చాలు, లేదా డాక్టర్‌ను అడిగి పాత మాత్రలు మళ్లీ మొదలుపెట్టొచ్చు. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే ‘అంతర’ గర్భనిరోధక ఇంజెక్షన్ మాత్రం మీకు సరిపడదు, దాన్ని ఆపాక గర్భధారణ శక్తి తిరిగి రావడానికి చాలా నెలలు పట్టొచ్చు. ఈ దారిలో నష్టం ఏమిటంటే ఇంకో పన్నెండు ఆదివారాలు అత్తమ్మ ఫోన్ భరించాలి. మీ వయసు 28, వైద్యపరంగా మూడు నెలల వాయిదాతో పోయేదేమీ లేదు. నన్నడిగితే ఇటే మొగ్గుతాను.

మూడోది, చాలామంది రహస్యంగా చేసేది. పీరియడ్ వచ్చిన రోజు నుంచి అండం విడుదలయ్యే దాకా తాగి, తర్వాతి రెండు వారాలు మానడం. కాగితం మీద బాగానే ఉంటుంది. నెలసరి గడియారంలా నడిచేవాళ్లకే అది కుదురుతుంది. తొమ్మిది రోజులు అటూ ఇటూ అయ్యే మీకు అండం ఏ రోజు విడుదలవుతుందో తెలియదు. బుధవారం సాయంత్రం మనసు బాగోలేక తాగే మనిషి క్యాలెండర్ చూసి ఆగగలదా అన్నది ఇంకో ప్రశ్న.

ఇక మీవారు చెప్పిన దారి. దాని ఫలితం పైన తేదీల్లో చూశారు.

రెండో దారే అనుకుంటే, మూడు నెలల్లో ఏం చేయాలి? మొదటి రెండు వారాలు ఏదీ మార్చకండి, రాసుకోండి అంతే. ఫోన్లో నోట్స్ తెరిచి ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంత, అప్పుడు ఎవరున్నారు, అంతకు ముందు ఏమైంది. రాయడం మొదలుపెట్టగానే సగం మందికి తాగేది తగ్గుతుంది, నేను ఈ పనిలో చూసిన సంగతి ఇది. మీ విషయంలో రెండు వేర్వేరు తాగుళ్లు ఉన్నాయని నా అనుమానం. వారం మధ్యలోది ఒంటరిగా, ల్యాప్‌టాప్ మూశాక, టెన్షన్ దిగడానికి. శుక్రవారానిది భర్తతో కలిసి, సరదాకు. ఈ రెంటినీ ఒకే మొక్కుతో కట్టేయాలని చూడటం వల్లే రెండూ తెంపుకున్నాయి.

వారం మధ్యలోది ముందు తీసేయండి. సీసా ఇంట్లో ఉంచకపోవడం దీనికి సగం మందు. తాగాలనిపించే సమయం మీకు తెలుసు, ఏడు నుంచి ఎనిమిదిన్నర అనుకుందాం. ఖాళీ కడుపు ఆ కోరికను పెంచుతుంది, కాబట్టి ఆరున్నరకే ఏదైనా తినేయండి. ఆ గంటన్నర ఇంట్లో ఒక్కరే ఉండకుండా చూసుకోండి, కింద నడవండి, మీ అక్కకో స్నేహితురాలికో ఫోన్ చేయండి. కోరిక ఇరవై ముప్పై నిమిషాల్లో తగ్గడం మొదలవుతుంది, దానితో వాదించకుండా వేరే పనిలో పడితే చాలు. శుక్రవారానిది మీ ఒక్కరి వల్ల కాదు. మీవారు బాల్కనీలో రెండు సీసాలు తెరిచి పక్కన మీరు మజ్జిగ తాగుతూ కూర్చోవడం అనేది జరగని పని. ఆయన పక్షాన కూడా కారణం ఉంది. మగవారిలో వీర్యకణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది, ఎక్కువ తాగితే వాటి సంఖ్యా నాణ్యతా దెబ్బతింటాయి. మూడు నెలల గడువు ఆయనకూ సరిగ్గా సరిపోతుంది. ఈ సంగతి ‘నా కోసం మానెయ్’ అని కాకుండా ‘ఇద్దరం కలిసి మూడు నెలలు’ అని అడిగి చూడండి. ఒప్పుకోకపోతే కనీసం శుక్రవారం రాత్రి ఇంట్లో కాకుండా సినిమాకో, మీ అక్కావాళ్లింటికో వెళ్లేలా చూసుకోండి. ఆయన అసలే వినకపోతే, తాగే విషయంలో మీ ఇద్దరి మధ్య ఇంకేదో ఉందన్నమాట, దాన్ని వేరే ఉత్తరంలో రాయండి.

అత్తమ్మకు ఏం చెప్పాలి? అబద్ధం అక్కర్లేదు. గర్భానికి ముందు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ రెండు మూడు నెలలు వాడటం మంచిదని ఏ గైనకాలజిస్ట్ అయినా చెబుతారు, మద్యం ఒంట్లో ఫోలిక్ యాసిడ్‌ను సరిగా ఇంకనివ్వదు. కాబట్టి ‘మూడు నెలలు మాత్రలు వాడి అప్పుడు చూద్దామనుకుంటున్నాం అత్తమ్మా’ అంటే అది నిజమే.

ఊళ్లో మాత్రం ఇంకో చిక్కుంది. మీరు గ్లాసు వద్దనగానే వదినలూ యారాలూ కలిసి ‘ఏందే, విశేషమా?’ అంటారు. సగం ఊరికి పాకుతుంది. ఆ ప్రశ్నకు భయపడి గ్లాసు అందుకున్నవాళ్లు ఎందరో. జవాబు ముందే నోట్లో పెట్టుకుని వెళ్లండి: ‘విశేషం లేదు ఏం లేదు, ఒంటికి పడట్లేదు, డాక్టర్ వద్దన్నడు.’ రెండుసార్లు అంటే మూడోసారి అడగరు.

ఇప్పుడు కల్లు. ఊరి నుంచి వచ్చిన రెండో రోజు ఒళ్లు గుంజడం, భయం అని రాశారు చూడండి, ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన వాక్యం అది. చెట్టు నుంచి దింపిన కల్లులో ఆల్కహాల్ బీరు స్థాయికి మించదు. నాలుగైదు రోజుల కల్లుకు అలా కావడం అనుమానంగా ఉంది. తెలంగాణలో చాలాచోట్ల దుకాణాల్లో అమ్మే కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలమ్ లాంటి మత్తు మందులు కలుపుతారన్నది బహిరంగ రహస్యం. 2015 సెప్టెంబరులో అధికారులు కల్తీని అడ్డుకున్నప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆ కల్లుకు అలవాటుపడ్డవాళ్లు అది అందక మూర్ఛలతో, పిచ్చిచేష్టలతో ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి ప్రాణాలే పోయాయి. గర్భం కోరుకునే మనిషి ఆ సీసాలో ఏముందో తెలియకుండా తాగడం బీరు కన్నా ప్రమాదం. మిగతావి మెల్లగా తగ్గించుకున్నా, దుకాణం కల్లు మాత్రం ఇకమీదట అసలు వద్దు.

ఒక జాగ్రత్త. మీరు రాసిన మోతాదుకు, ఉదయాన్నే వణుకు లేదు కాబట్టి, తగ్గించడం ఇంట్లోనే సాధ్యం కావచ్చు. కానీ మానిన ఒకటి రెండు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు, లేనివి కనిపించడం, వినిపించడం, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా ఓర్చుకుని కూర్చోవద్దు, ఆసుపత్రికి వెళ్లండి. ఇది సంకల్పంతో తేలేది కాదు. రోజూ తాగే మీ అత్తింటివాళ్లలో ఎవరైనా ఒక్కసారిగా మానాలనుకుంటే వాళ్లకూ ఈ మాటే చెప్పండి.

యారాలు చెప్పిన పొడి జోలికి పోకండి. అలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ అనే మందు ఉండే అవకాశం ఉంది. అది ఒంట్లో ఉండగా ఒక పెగ్గు పడినా గుండెదడ, బీపీ పడిపోవడం, కొన్నిసార్లు ప్రాణం మీదకు రావడం జరుగుతుంది. మానడానికి సాయపడే మందులు ఉన్నాయి, గర్భం ఆలోచనలో ఉన్నట్టు చెప్పి మానసిక వైద్యుల సలహాతోనే వాడాలి.

డాక్టర్‌కు చెప్పడం గురించి. ఈసారి ఒక్కరే వెళ్లండి. అత్తమ్మ వస్తానంటే, ముందుగా రిసెప్షన్‌లో ‘డాక్టర్‌తో పది నిమిషాలు ఒక్కదాన్నే మాట్లాడాలి’ అని చెప్పొచ్చు, వాళ్లకు ఇది కొత్త కాదు. నోరు రాకపోతే మీ రెండు వారాల నోట్స్ తెరిచి ఫోన్ డాక్టర్ చేతిలో పెట్టండి. మీ సంగతి మీ అనుమతి లేకుండా ఇంట్లోవాళ్లకు చెప్పకూడదని వైద్యవృత్తి నియమాల్లోనే ఉంది. అయినా ఆవిడ మొహం చిట్లిస్తే, డాక్టర్‌ను మార్చుకోండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, లివర్ పరీక్షలు అడగండి, నెలసరి ఎందుకు తప్పుతోందో అదీ తేలుతుంది. ఫోన్లో మాట్లాడటమే నయమనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పనక్కర్లేదు. మద్యం, మత్తు విషయాలకు 14446. నేరుగా వెళ్లాలంటే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం మీకు దగ్గరే. ‘ఎర్రగడ్డ’ అంటే మనవాళ్లు వేళాకోళం చేస్తారు గానీ, మందు మానడానికి వచ్చేవాళ్లు అక్కడ రోజూ ఉంటారు.

ఈ మూడు నెలల్లో ఒక శుక్రవారం జారిపోవచ్చు. అప్పుడు మొక్కు తప్పిందని మొత్తం వదిలేయకుండా నోట్స్‌లో రాసి, శనివారం ఖాళీగా ఉంచండి. కండోమ్ వాడుతున్నారు కాబట్టి ఆ జారుడు మీదాకే, బిడ్డదాకా పోదు. వరుసగా నాలుగు వారాలు చుక్క ముట్టకుండా గడిచాక గర్భనిరోధకాలు ఆపే సంగతి ఆలోచించండి. మూడు నెలలకూ ఆ నాలుగు వారాలు రాకపోతే, ఒంటరిగా ప్రయత్నించింది చాలని, డీఅడిక్షన్ చికిత్స అవసరమని అర్థం.

అన్నీ చేసినా ఈలోపే పాజిటివ్ వచ్చిందనుకోండి. ఆ రోజు నుంచి మానేయండి, ఏ వారంలో మానినా ఆ తర్వాతి ఎదుగుదలకు మేలే, మెదడు తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది. మానలేకపోతే అదే వారం డాక్టర్‌ను కలవండి. భయంతో అబార్షన్ నిర్ణయం తీసుకోకండి. తెలియని రోజుల్లో తాగినంత మాత్రాన గర్భం తీయించుకోవాలని వైద్యులు చెప్పరు. చివరి పీరియడ్ తేదీ, తర్వాత ఏ రోజు ఎంత తాగారో మీ నోట్స్‌లోంచి డాక్టర్‌కు చూపించండి. స్కానింగ్‌లు ఎప్పుడెప్పుడు చేయించాలో, పుట్టాక బిడ్డను ఏ విషయాల్లో గమనించాలో ఆ తేదీలను బట్టి ఆవిడ చెబుతారు.